ఆఖరి రోజు చూసిన అమరావతి

పరదేశం వెళ్ళినవాళ్ళకి ఆఖరి రోజంత అయోమయమైన రోజు మరొకటి ఉండదు. ఒళ్ళు అక్కడే ఉంటుంది గాని, మనసు అప్పుడే మన వీధి మలుపు తిరిగి, తాళం తీసి, ఇల్లు ఊడ్చుకోవడం మొదలుపెడుతుంది. పెట్టెలు సర్దడం అయిపోయినట్టే ఉంటుంది, అవదు. మావారైతే తూకం కొక్కెం ఒకటి చేత పట్టుకుని, అరగంటకోసారి పెట్టెలు ఎత్తి చూస్తూ, "ఇరవై మూడు కిలోలు దాటి ఏడువందల గ్రాములు ఉంది. ఏం తీసేస్తావో నువ్వే చెప్పు" అని నేను ముచ్చటపడి కొనుక్కున్న గిన్నెల వంక అదోలా చూడసాగారు.

లండన్లో మా అమ్మాయి దగ్గర నలభై రోజులున్నాం. విమానం రాత్రికి. మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికి చేరితే చాలు. అంటే పొద్దుటిపూట చేతిలో ఉందన్నమాట. ఆ పూట ఏం చూడాలన్నదాని మీద ముందురోజు రాత్రి భోజనాల దగ్గర పెద్ద సభ జరిగింది. మావారికి లార్డ్స్ క్రికెట్ మైదానం చూడాలని. ఏడేళ్ళ మా మనవడికి రాక్షసబల్లుల అస్థిపంజరాలు మళ్ళీ చూడాలని. నాకు ఏదీ చూడాలని లేదు. ఆడపడుచు పిల్లలకి చాక్లెట్లు, పక్కింటావిడకి ఓ శాలువా కొంటే నా లండన్ యాత్ర సఫలమైనట్టే.

"ఇవేవీ కాదు. అమ్మని రేపు అమరావతి తీసుకెళ్ళాలి" అంది మా అమ్మాయి.

పొరబాటున అందేమో అనుకున్నాను. మా అమ్మమ్మగారి ఊరు అమరావతికి నాలుగు కోసుల దూరం. చిన్నప్పుడు శివరాత్రికి బండి కట్టించుకుని అమరేశ్వరుడి దర్శనానికి వెళ్ళినదాన్ని. నాకు అమరావతి చూపించడానికి లండన్లో పుట్టిన కొడుకుని వెంటబెట్టుకుని అమ్మాయి బయల్దేరడమేమిటి?

"బ్రిటిష్ మ్యూజియంలో ఉందమ్మా. మనవైపు రాళ్ళు. నేనిక్కడికొచ్చిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా వెళ్ళి కూచునేదాన్ని" అంది అది, కంచంలోంచి తలెత్తకుండా.

ఆ మాట నాకిదివరకు ఎప్పుడూ చెప్పలేదు. ఫోనులో ఎప్పుడడిగినా "బాగున్నానమ్మా" అన్న మాటే తప్ప ఇల్లు గుర్తొస్తోందని అన్న పిల్ల కాదు. సరే, ఇంకేం మాట్లాడతాను? మర్నాడు పొద్దున్నే అందరం బయల్దేరాం.

ట్యూబు అని వాళ్ళు పిలుచుకునే భూగర్భ రైల్లో హోబర్న్ దగ్గర దిగి నడిస్తే మ్యూజియం. గేటు దగ్గర సంచులు వెతుకుతారు గాని టిక్కెట్టు లేదు. 1753లో ఒక డాక్టరుగారు పోగేసిన వస్తుసంచయాన్ని పార్లమెంటు కొని పెట్టిన మ్యూజియం ఇది. జనానికి తలుపులు తెరిచింది 1759లో. ఎదురుగా గుడి మండపంలాగా ఇంతింత లావు స్తంభాలు. లోపల అద్దాల పైకప్పు కింద విశాలమైన ముంగిలి. ఒక చోట జనం తిరనాళ్ళలా మూగి ఉన్నారు. అది రోసెట్టా రాయట. ఈజిప్టు వాళ్ళ బొమ్మల లిపి చదవడానికి దారి చూపిన రాయి. తలల సందుల్లోంచి అంగుళం మేర చూసి, దణ్ణం పెట్టి ముందుకు నడిచాం.

మాకు కావలసిన గది చైనా, దక్షిణాసియా వస్తువులున్న పెద్ద హాలు చివర ఉంది. అద్దాల గోడల వెనక, మెత్తటి వెలుగులో ఉంది. రోసెట్టా దగ్గరి జనంలో వందోవంతు కూడా అక్కడ లేరు. ఆ గదిలో అడుగుపెట్టగానే నేను మొదట అనుకున్నమాట చెబితే మీరు నవ్వుతారు. "అయ్యో, ఇవి మా బావి దగ్గరి బండ రంగే!" అనుకున్నాను. ఆ బండ సంగతి తరవాత చెబుతాను.

ఇంగ్లీషువాళ్ళు వీటిని 'మార్బుల్స్' అన్నారు గాని ఇది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. కాస్త పచ్చదనం, కాస్త బూడిద రంగు కలిసిన తెలుపు. ఉలికి మెత్తగా లొంగుతుంది కనక మనవాళ్ళు దాని మీద పూలదండలు చెక్కారు, గాజులు చెక్కారు, నడుం చుట్టూ జారిన మేఖలలు చెక్కారు. రెండువేల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళ కాళ్ళ కడియాలు లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కో పలక మీద ఎంతమంది జనమని! మేడమీదినించి తొంగిచూసేవాళ్ళు, ఏనుగు బెదిరితే పరుగెత్తేవాళ్ళు, వీణ వాయించేవాళ్ళు. మన పెళ్ళివారిల్లులాగా ఎక్కడా జాగా ఖాళీ లేదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. కథ తెలియకుండా చూస్తే రాయి రాయిలాగే ఉంటుంది.

ఇవాళ ధరణికోట అని పిలుస్తున్న ఊరే అలనాటి ధాన్యకటకం, శాతవాహనుల రాజధాని. దాని పక్కన కృష్ణ ఒడ్డున క్రీస్తుకు పూర్వమే బౌద్ధులు ఒక మహాచైత్యం కట్టారు. చైత్యమంటే గుడి కాదు, లోపలికి వెళ్ళడం ఉండదు. బోర్లించిన గిన్నెలాంటి పెద్ద కట్టడం, దాని చుట్టూ ప్రదక్షిణ చేసే దారి, ఆ దారికి అవతల రాతి కంచె. అడ్డంగా కొలిస్తే చైత్యం సుమారు 50 మీటర్లు. తరవాతి నాలుగైదు వందల ఏళ్ళూ తరాలవారీగా దానికి మెరుగులు దిద్దుతూనే ఉన్నారు. రాజులొక్కరే కట్టించారనుకోకండి. రాళ్ళ మీద దాతల పేర్లు ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. వర్తకులు, వాళ్ళ భార్యలు, భిక్షుణులు, కూతుళ్ళతో కలిసి ఇచ్చిన తల్లులు. విధికుడనే చర్మకారుడు తల్లితోను, భార్యతోను, పిల్లలతోను కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చుకున్నాడు. అమరావతి శిల్పుల ఆ పూర్ణఘటమే 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ ఉంది. చెప్పులు కుట్టుకునేవారి ఇంటిల్లిపాదీ ఇచ్చిన కానుకలోని బొమ్మ ప్రభుత్వపు కాగితాల మీదికి ఎక్కిందంటే నాకెంత సంతోషం వేసిందో! అన్నట్టు, అమరావతి రాతి మీది 'నాగబు' అన్న మాట తెలుగు మాటేనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. మనం ఇంట్లో మాట్లాడుకునే భాషకి రాతి మీద దొరికిన తొలి ఆనవాళ్ళలో అది ఒకటన్నమాట.

తరవాత బౌద్ధం మనవైపు సన్నగిల్లింది. 1344లో సింహళ దేశపు ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో ప్రతిమాగృహాన్ని బాగుచేయించినట్టు అక్కడి గడలాదెణియ శాసనం చెబుతోంది. ఆ తరవాత నాలుగున్నర శతాబ్దాలు నిశ్శబ్దం. చైత్యం మీద మన్ను కప్పింది, మన్ను మీద గడ్డి మొలిచింది. ఊరివాళ్ళకి అది 'దీపాలదిన్నె' అయిపోయింది.

1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి వదిలి అమరావతికి మకాం మార్చి కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టారు. కట్టడానికి ఇటుకలు కావాలి, రాళ్ళు కావాలి. దిన్నె చేతికందేటంత దూరంలో ఉంది. ఇంకేం, గునపాలు పడ్డాయి. బొమ్మలున్న రాళ్ళు బయటపడుతున్నాయన్న కబురు కల్నల్ కాలిన్ మెకంజీకి తెలిసింది. మన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యల్ని దగ్గర పెట్టుకుని దక్షిణదేశపు కైఫీయతులన్నీ సేకరింపజేశాడే, ఆ మెకంజీయే. 1797 ప్రాంతంలో వచ్చి చూసి వెళ్ళాడు. మళ్ళీ 1816లో, ఇండియా సర్వేయరు జనరల్ హోదాలో, చిత్రకారుల్ని తీసుకుని వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వుతున్నారు! చాలా రాళ్ళు అప్పటికే మాయమయ్యాయి. కొన్ని కోనేటి మెట్లకు, కొన్ని గుళ్ళకు, ఇళ్ళకు పోయాయి. మరికొన్ని సున్నపుబట్టీలో కాలిపోయాయి. సున్నపురాయి కదా, కాలిస్తే మంచి సున్నం వస్తుంది.

మెకంజీ మనుషులు ఉన్నవాటికి బొమ్మలు గీసుకున్నారు. ఆ బొమ్మల పుస్తకం ఇప్పటికీ లండన్లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కొన్ని రాళ్ళు మచిలీపట్నం చేరాయి. అక్కడ ఒక దొరగారు వాటిని కొత్త పేట నడిబొడ్డున అలంకారంగా పెట్టించారు. తరవాత 1845లో గుంటూరుకి కమిషనరుగా వచ్చిన వాల్టర్ ఎలియట్ మళ్ళీ తవ్వించి, దొరికినవాటిని మద్రాసు పంపించాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండలో, వానలో ఆరుబయట పడి ఉన్నాయి. చివరికి 1859లో 120 పైచిలుకు రాళ్ళని ఓడ కెక్కించి లండన్ పంపారు.

"మనకి ఇరవై మూడు కిలోలు దాటితే ఒప్పుకోరు. వాళ్ళ కొక్కెం ఎవరు పట్టుకున్నారో!" అన్నారు మావారు ఆ సంగతి బోర్డు మీద చదివి.

సరే, వచ్చాక నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు. సిపాయిల తిరుగుబాటు మరుసటి రోజులవి. 1858లో కంపెనీ పరిపాలనే పోయింది. రాళ్ళ సంగతి ఎవరికి పట్టింది? థేమ్స్ నది ఒడ్డున సదర్క్ దగ్గర ఒక సరుకుల రేవులో పడేశారు. అక్కడినించి ఫైఫ్ హౌసు అనే భవంతికి చేర్చి, కొన్నింటిని బయటి గోడకి తాపడం చేసి మంచుకి, పొగకి వదిలిపెట్టారు. మిగిలినవి గుర్రబ్బళ్ళు పెట్టుకునే సావిట్లో చెత్త కిందికి చేరాయి. 1867 పారిస్ ప్రదర్శన కోసం ఫొటోలు తయారుచేస్తున్న జేమ్స్ ఫెర్గూసన్ అనే వాస్తు పండితుడు అక్కడ వీటిని పోల్చుకుని, మర్నాటి ఏడు పెద్ద పుస్తకమే వేశాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చి పెద్ద మెట్ల దగ్గర గోడలకెక్కాయి. తరవాత చాలాకాలం జనం కంటపడకుండా అడుగు గదుల్లో ఉండి, 1992లో ఈ అద్దాల గదిలోకి వచ్చాయి. కన్నవారింటినించి బయల్దేరిన పిల్ల నాలుగిళ్ళు తిరిగి, నూట ముప్పై మూడేళ్ళకి ఒక గది దక్కించుకున్నట్టు!

నాకు ఒళ్ళు మండింది. అంతకు నాలుగు రోజుల ముందే లండన్ కోటలో కోహినూరు చూసి వచ్చానేమో. మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల్లోదని చెప్పుకునే వజ్రం అది. కదిలే పట్టీ మీద నిలబెట్టి, కళ్ళార్పేలోపు అవతలికి జరిపేశారు. ఆ కోపం ఈ కోపం కలిసి, "మనవన్నీ ఎత్తుకొచ్చి, మనకే చూపిస్తారేం? తిరిగి ఇవ్వొచ్చుగా?" అన్నాను కాస్త గట్టిగానే. మ్యూజియం తన వస్తువుల్ని ఇచ్చేయడానికి వీల్లేకుండా 1963లో చేసిన చట్టం అడ్డొస్తుందని, ఏ కొద్దిపాటి సందర్భాల్లోనో తప్ప ఇవ్వరని అల్లుడు నెమ్మదిగా చెప్పాడు. చట్టం చేసుకున్నదీ వాళ్ళేగా!

ఇంతలో మనవడు నా కొంగు పట్టుకుని లాగాడు.

ఈ నలభై రోజుల్లో వాడికీ నాకూ జరిగిన సంభాషణ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాడి ఇంగ్లీషు నాకు సగం అర్థంకాదు, నా తెలుగు వాడికి ముప్పాతిక అర్థంకాదు. రోజూ పడుకునేముందు కథ చెబుతానంటే "తరవాత అమ్మమ్మా" అని జారుకునేవాడు. అటువంటివాడు ఒక పలక ముందు నిలబడి, "అమ్మమ్మా, బేబీ ఏడీ?" అన్నాడు.

అది బుద్ధుడి పుట్టుక చెక్కిన పలక. నాలుగు ఘట్టాలున్నాయి. మాయాదేవి మంచం మీద నిద్రపోతూ తెల్ల ఏనుగుని కలగనడం ఒకటి. ఆ కలకి అర్థం చెప్పించుకోవడం ఇంకొకటి. మూడోదానిలో ఆమె చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది, పక్కన దేవతలు పొడుగాటి బట్ట ఒకటి చాచి పట్టుకుని ఉంటారు. నాలుగోదానిలో పసివాణ్ణి ఎత్తుకుని కులదేవత దగ్గరికి తీసుకువెళతారు, ఆ దేవతే లేచి నమస్కారం పెడతాడు. మనం పిల్లల్ని పురిటి మైల తీరాక ఇలవేల్పు దగ్గరికి తీసుకెళ్ళమూ, అలాగే. అంతా ఉంది గాని పసివాడు మాత్రం ఎక్కడా లేడు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా గుర్తులతో చెప్పే పాత పద్ధతి అది. ఖాళీ సింహాసనం ఉంటే బుద్ధుడు కూర్చున్నట్టు. చెట్టు ఉంటే జ్ఞానం కలిగినట్టు.

నాకూ వెంటనే తట్టలేదు. కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాను. ఆ చాచిన బట్ట మీద బుల్లి బుల్లి పాదాల గుర్తులు ఉన్నాయి!

"ఇదుగోరా, చూశావా? పాపాయి బట్ట మీద నడిచాడు. కృష్ణాష్టమికి మనింట్లో ముగ్గుపిండితో పాదాలు వేస్తామే, కృష్ణుడు కనపడతాడా? పాదాలే కనపడతాయి. వచ్చాడని మనకి తెలుస్తుంది" అన్నాను.

వాడు అద్దానికి ముక్కు ఆనించినంత పనిచేసి ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తరవాత ఏనుగు ఎందుకొచ్చిందని అడిగాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఏమయ్యాడని అడిగాడు. ఇల్లు ఎందుకొదిలేశాడని అడిగాడు. గది మధ్య నిలబడి నేను వచ్చిన తెలుగులో చెబుతూ ఉంటే వాడు నోరు తెరుచుకుని విన్నాడు. నలభై రోజుల్లో వాడు నా దగ్గర పూర్తిగా విన్న కథ అదొక్కటే. రెండువేల ఏళ్ళ కిందట ఆ శిల్పి ప్రదక్షిణ చేసే తల్లులూ, పిల్లలూ ఇలా ఆగి అడుగుతారనే చెక్కి ఉంటాడు.

ఆ గదిలో మరొక పలక గురించి కూడా చెప్పాలి. నాలుగడుగుల ఎత్తుంటుంది. దాని మీద మహాచైత్యమే చెక్కి ఉంది. గుమ్మం దగ్గర సింహాలు, ముందువైపు అయిదు నిలువు స్తంభాలు, మీద ఎగిరే దేవతలు. అసలు కట్టడం పోయింది కనక అది ఎలా ఉండేదో చెప్పడానికి పండితులకి ఇటువంటి పలకలే ఆధారం. ఇది మూడో శతాబ్దపు పని. కాని అదే పలకకి రెండోవైపు ఇంకా మూడువందల ఏళ్ళు పాత బొమ్మ ఉంది. బోధివృక్షం, కింద ఖాళీ సింహాసనం, చుట్టూ భక్తులు. అంటే మన పూర్వులే, పాత బొమ్మని గోడకి తిప్పేసి, ఖాళీగా ఉన్న వీపు మీద కొత్త బొమ్మ చెక్కుకున్నారన్నమాట. పాత పట్టుచీర తిరగేసి కొత్త అంచు వేయించుకున్నట్టు. పారేయలేదు, వాడుకున్నారు.

అది చూస్తుంటే మా అమ్మాయి వెనకనించి, "అమ్మా, అమ్మమ్మ వాళ్ళ బావి దగ్గర ఒక రాయుండేదనేదానివి. పువ్వున్న రాయి. అదేమయింది?" అంది.

ఇప్పుడు ఆ బండ సంగతి చెబుతాను.

మా అమ్మమ్మగారింట పెరటి బావి పక్కన బట్టలుతుక్కునే తెల్లబండ ఒకటి ఉండేది. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. దాని మీద ఉతికితే బట్ట నలగదని అమ్మమ్మ అంటూండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు బావి చుట్టూ కొత్త గచ్చు చేయిస్తూ బండ తిరగేశారు. కింద సగం విరిగిన తామరపువ్వు, రేకుల చుట్టూ రేకులు. అమ్మమ్మ కాసేపు అలాగే చూసి, "ఇన్నాళ్ళూ దేవుడి మొహం మట్టిలో పెట్టి, వీపు మీద బట్టలు బాదానే" అంది. ఆ సాయంత్రం దాన్ని తులసికోట పక్కన నిలబెట్టించి, పసుపురాసి కుంకుమ పెట్టింది. అది బుద్ధుడి రాయా, శివుడి రాయా అని ఆవిడ ఆలోచించలేదు. ఎవరో మనసుపెట్టి చెక్కిన పువ్వు. అంతవరకే ఆవిడకి కావలసింది.

అమ్మమ్మ పోయాక ఇల్లు మా మేనమామల చేతికి వచ్చింది. తరవాత అమ్మకానికి పెట్టారు. మా అమ్మ వాటా కింద నేనూ సంతకం చేశాను. ఆ రోజు రిజిస్ట్రారు కచేరీ వరండాలో కూచుని, వచ్చే డబ్బుతో అమ్మాయి చదువు ఫీజు కట్టొచ్చని లెక్క వేసుకున్నాను గాని, తులసికోట పక్కన రాయి ఏమవుతుందని ఒక్కమాట అడగలేదు. ఎవరి ఫీజు కట్టానో ఆ పిల్లే ఇప్పుడు లండన్లో నన్ను అడుగుతోంది, ఆ రాయి ఏమయిందని.

"తెలీదే" అన్నాను.

దొరల మీద పెంచుకున్న కోపం నాలో కొంచెం కొంచెంగా దిగజారింది. అలాగని వాళ్ళని వెనకేసుకురావడం లేదు. వాళ్ళు తెచ్చారు గనకే మిగిలాయి అని కొందరంటారు. కొంతవరకు నిజమే, సున్నపుబట్టీ అబద్ధం కాదు. కాని రేవులో, సావిట్లో, మంచు గోడమీద పడిన పాట్లు చూస్తే అదీ పూర్తి నిజం కాదు. 1877లో రాబర్ట్ స్యూయెల్ మళ్ళీ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు మొత్తం తోడించమని ఉత్తరువిచ్చారు. మరుసటి ఏడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి చైత్యం ఉన్నచోట గొయ్యి మిగిలింది. అప్పట్లో పురాతన కట్టడాల అధికారిగా ఉన్న కోల్ అనే ఇంగ్లీషాయనే, మ్యూజియాలకి అచ్చులు తీసి పంపండి, అసలు రాళ్ళు పుట్టిన చోటనే ఉంచండి అని పోరాడాడు. ఆ మాట చెల్లలేదు. మిగిలిన రాళ్ళు మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళాయి, ఇప్పటికీ అక్కడున్నాయి. ఇలా కాల్చినవాళ్ళు, మోసుకుపోయినవాళ్ళు, తోడేసినవాళ్ళు, అడగకుండా సంతకం పెట్టినవాళ్ళు, అందరం కలిసి ఆ చైత్యాన్ని ఖాళీ చేశాం.

పన్నెండున్నర దాటింది. మావారు గడియారం చూపించారు. గది వదిలివస్తూ మనవడు ఆ పాదాల పలకకి చెయ్యి ఊపి "బై బేబీ" అన్నాడు. మా అమ్మాయి ఒక బల్ల చూపించి, "నేను కూచునేది ఇక్కడే" అంది. నేను వెళ్ళి రెండు నిమిషాలు ఆ బల్ల మీద కూచున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. చాక్లెట్లు, శాలువా కొనడానికి వేళ దాటిపోయింది. విమానాశ్రయంలో చాక్లెట్లు దొరికాయి గాని, పక్కింటావిడకి శాలువా లేదు. ఆవిడ ఇంకా ఆ మాట అంటూనే ఉంటుంది.

ఇంటికొచ్చిన వారం రోజులకి మా బావకి ఫోను చేశాను. కుశలప్రశ్నలయ్యాక రాయి సంగతి అడిగాను.

"ఏ రాయి? ఓ, తులసికోట దగ్గరిదా? కొన్నవాళ్ళు ఇల్లు పడగొట్టి మేడ కట్టారుగా. మేస్త్రీ మంచి గట్టి రాయని పునాదిలో వేసేసినట్టు గుర్తు. ఇప్పుడెందుకమ్మా దాని సంగతి?" అన్నాడు.

నేనేమీ అనలేదు. అనడానికి నాకేం హక్కుంది?

ఈ శీతాకాలం మనవడు వస్తున్నాడు. వాణ్ణి అమరావతి తీసుకెళతానని మాటిచ్చాను. మొదట ఊళ్ళోని మ్యూజియం, తరవాత చైత్యం ఉన్న చోటు, తరవాత కృష్ణ. "అక్కడ బేబీ పాదాలు ఉంటాయా?" అని ఫోనులో తెలుగులోనే అడిగాడు. చూద్దాం రమ్మన్నాను.

మీ పుట్టింట పెరట్లోనో, బావి దగ్గరో, పశువుల సావిట్లోనో పాతకాలపు తెల్లబండ ఏదైనా ఉంటే, ఇల్లు అమ్మే ముందు ఒక్కసారి దాన్ని తిరగేయించి చూడండి. పువ్వు ఉంటే దగ్గర్లోని మ్యూజియం వాళ్ళకి ఒక్క కబురు పంపండి. నేను పంపలేకపోయాను.